అన్నయ్య చూసుకుంటాడు

చెల్లెలితో అతను ఆఖరిసారి పోట్లాడింది టిప్పుల గురించి.

ఇంకే విషయం మీదైనా అయ్యుంటే ఈపాటికి మనసులో ఎక్కడో ఒకచోట సర్దుకునేవాడు. తోడబుట్టినవాళ్లు మాటామాటా అనుకోవడానికి లోకంలో కారణాలకు కరువా? ఇది మాత్రం ఇంకా ఎక్కని ఓడలో, ఇంకా ముఖమైనా చూడని మనుషులకు, డబ్బు ఎలా ఇవ్వాలన్న దాని మీద జరిగిన పోట్లాట. తలుచుకున్నప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

అతను ముప్పై ఎనిమిదేళ్లు ఒకే హోటల్లో సర్వరుగా చేసి, రెండేళ్ల కిందట మానేశాడు. ఇంట్లో అక్క అతన్ని ఎగతాళికి "సర్వరూ" అని పిలిచేది. పిలవగా పిలవగా ఎగతాళి పోయి పేరు మిగిలింది. అక్కకు భర్త పోయి పదేళ్లయింది, అప్పట్నుంచి వీళ్లతోనే ఉంటోంది. సర్వరూ, చిన్నదీ పెళ్లి చేసుకోనేలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తప్పు ఒకరి మీద ఒకరు వేసుకునేవారు. చిన్నది అంటే చెల్లెలు. యాభై రెండేళ్లు వచ్చినా ఆ ఇంట్లో అది చిన్నదే.

చిన్నది ఇరవై ఆరేళ్లు బస్సు స్టేషన్లో టికెట్ల కౌంటరులో కూర్చుంది. గాజుకు చేసిన గుండ్రటి కన్నంలోంచి ఊళ్ల పేర్లు వినడమే తప్ప అందులో పదోవంతైనా చూడలేదు. ఒకరోజు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "మనం ముగ్గురం ఓడలో వెళ్తున్నాం. ఏడు రోజులు. టికెట్లు ఇంకొకళ్లు కొడతారు, మనం ఎక్కుతాం," అని ప్రకటించింది.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు దాని సంచిలో చేరింది. మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లు గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో తీసుకోవాలట, ఊపు తక్కువ తెలుస్తుందట. ఓడ బయలుదేరే ఊరికి ఒకరోజు ముందే చేరాలట, మనం ఆలస్యమైతే ఓడ ఆగదు. పెట్టెలు గదికి రావడానికి సాయంత్రమవుతుంది, కాబట్టి మందులూ ఒక జత బట్టలూ చేతిసంచిలో ఉండాలి. కడుపులో తిప్పితే వేసుకునే మాత్ర తిప్పు మొదలవకముందే వేసుకోవాలి. పై అంతస్తులో గాలి చలిగా ఉంటుంది, అందరికీ స్వెట్టర్లు. ఇవన్నీ అది రాసుకుని, ఒక్కొక్కటీ అయ్యాక పక్కన టిక్కు పెట్టుకునేది.

"కడుపులో తిప్పకముందే తిప్పుతుందని ఎలా తెలుస్తుందే?" అంది అక్క.

"నువ్వు వండినప్పుడు మాకు తెలియట్లేదూ?" అంది చిన్నది.

టిప్పుల దగ్గరికొచ్చేసరికి ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరున్నారు.

"రోజుకి మనిషికి ఇంత అని టిప్పులు ఓడవాళ్లే బిల్లులో వేసేస్తారన్నయ్యా. ముందే కట్టేస్తే అక్కడ బెడద ఉండదు."

"బిల్లులో వేస్తే అది టిప్పెలా అవుతుంది? పన్నవుతుంది."

"అందరికీ పంచుతారట. గది సర్దేవాళ్లకి, వడ్డించేవాళ్లకి, కింద బట్టలు ఉతికేవాళ్లకి, గిన్నెలు కడిగేవాళ్లకి. వాళ్లు మనకి కనబడరు కదా, చేతిలో ఎలా పెడతాం?"

సర్వరు చెంచా కింద పెట్టాడు. "పంచుతారట! మా ఓనరూ పంచేవాడు. గల్లాపెట్టె పక్కన చెక్కపెట్టె పెట్టాడు. వచ్చిన ప్రతి పైసా అందులో వెయ్యాలి. నెలాఖరుకి పగిలిన కప్పులకింత, పోయిన చెంచాలకింత అని కోసుకుని, మిగిలిన నలుసు మా మొహాన కొట్టేవాడు. ఒకే ఒక్క మనిషి, ఆ ముసలి లాయరు, పెట్టె వైపు చూసేవాడే కాదు. నా మొహంలోకి చూసి, చేతిలో పెట్టి, వేళ్లు మూసేవాడు. టిప్పంటే అది."

"అన్నీ మీ హోటలే కాదన్నయ్యా."

"నువ్వెప్పుడైనా ఒక్క ప్లేటు మోశావా? అద్దం వెనక కూర్చుని చిల్లర విసిరినదానివి, నీకేం తెలుసు?"

అక్క తలెత్తి తమ్ముడి వైపు చూసింది. చిన్నది నోటుబుక్కులో 'టిప్పులు: ముందే కట్టాలి' అన్న వరుస కొట్టేసి, దాని కింద 'అన్నయ్య చూసుకుంటాడు' అని రాసి, పెన్ను మూత పెట్టింది.

నాలుగు రోజులు ఇద్దరూ అవసరానికి మించి మాట్లాడలేదు. ఐదో రోజు చిన్నదానికి జ్వరం వచ్చింది. పంతొమ్మిదో రోజున చిన్నది పోయింది.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నన్నాళ్లూ ఆ మాట వెనక్కి తీసుకుందామని సర్వరు అనుకుంటూనే ఉన్నాడు. నోరు తెరిస్తే, ఫ్యాను తగ్గించనా, నీళ్లు కావాలా అన్నవే వచ్చాయి. అవి అతనికి వృత్తిలో అలవాటైన మాటలు. అడిగేవాడికీ కష్టం ఉండదు, చెప్పేవాడికీ ఉండదు.

ఓడ కంపెనీవాళ్లు టికెట్ల డబ్బు తిరిగి రాదన్నారు. పేరు కూడా జాబితాలోంచి తీయడం కుదరదన్నారు. "ఆ డబ్బెలాగూ సముద్రం పాలే. మనం వెళ్తే కనీసం అదెలా ఉందో చూసొస్తాం," అంది అక్క. ఆమె నవ్వుతూ అనలేదు. సర్వరు కాదనలేదు. అతనికి కావలసింది వేరే ఉంది. ఓడలో ఎవరి చేతిలోనైనా తన పద్ధతిలో టిప్పు పెట్టాలి. తీసుకునేవాడి ముఖం వెలగాలి. తను చెప్పింది నిజమేనని ఆ ముఖం చెప్పాలి. అప్పుడు కనీసం ఆ పోట్లాటలో ఒక అర్థమైనా ఉంటుంది. లేకపోతే పోబోతున్న మనిషిని ఊరికే ఏడిపించినట్టవుతుంది.

*

గదులు సర్దేవాణ్ణి ఓడలో స్టీవర్డు అంటారట. వాళ్ల వరుసకు ఉన్న స్టీవర్డు ముప్పై అయిదు దాటిన మనిషి, సన్నగా, చెంపల దగ్గర నెరిసి ఉన్నాడు. గదిలో మూడు మంచాలు. మూడింటి మీదా మడత చెడని దుప్పట్లు, మూడు తువ్వాళ్లు. చేతిలో కాగితం చూసుకుని, "మూడోవారు వెనక వస్తున్నారా సార్?" అని అడిగాడు.

"రాలేదు," అన్నాడు సర్వరు.

"రాదు," అంది అక్క.

స్టీవర్డు ఆ ఇద్దరి ముఖాలూ ఒక్కసారి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచినీళ్లు ఇక్కడ పెడుతున్నానండి," అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఉదయం అక్క పెట్టెలోంచి చిన్నది కొనుక్కున్న బూడిదరంగు స్వెట్టరు తీసి మూడో మంచం మీద పెట్టింది. ఎందుకు పెట్టావని తమ్ముడు అడగలేదు. టిఫినుకు వెళ్లి వచ్చేసరికి గది సర్ది ఉంది. మూడో మంచం మీద దుప్పటి మార్చారు. స్వెట్టరు మాత్రం అక్క పెట్టిన చోటే, అక్క పెట్టిన మడతలోనే ఉంది. దాన్ని తీసి, కొత్త దుప్పటి పరిచి, మళ్లీ అంగుళం తేడా లేకుండా పెడితే తప్ప అలా ఉండదు.

సర్వరు ఆ మంచం వైపు చాలాసేపు చూశాడు. హోటల్లో కొందరు బల్ల మీద కళ్లజోడు పెట్టి లేస్తారు, కొందరు సగం చదివిన పేపరు వదులుతారు. బల్ల తుడిచేవాడు దాన్ని ఎత్తి పెట్టే తీరులోనే ఆ మనిషి పనితనమంతా ఉంటుంది. చెబితే వచ్చే విద్య కాదది.

"వీడు పనివాడక్కా," అన్నాడు.

"ఊఁ," అంది అక్క, కిటికీలోంచి నీళ్లు చూస్తూ.

గది బల్ల మీద ఒక కాగితం ఉంది. రోజూ మనిషికి ఇంత చొప్పున టిప్పు మీ ఖాతాలో చేరుతుంది, వద్దనుకుంటే రిసెప్షన్లో చెప్పవచ్చు. సర్వరు ఆ కాగితం పట్టుకుని వెంటనే మెట్లెక్కాడు. కళ్లజోడు గదిలోనే ఉండిపోయింది.

కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగా విన్నది. "తీసెయ్యమంటారా సార్? సేవలో ఏదైనా లోపం జరిగిందా?"

"లోపమేం లేదు. నేను నా చేత్తో ఇచ్చుకుంటాను."

"ఇక్కడ కారణం ఏదో ఒకటి నొక్కాలి సార్. లేకపోతే కంప్యూటరు ముందుకి పోదు. మీరు చెప్పింది ఇందులో లేదు."

"ఏదో ఒకటి నొక్కమ్మా. కారణంతో నాకేం పని?"

ఆమె ఏదో ఒకటి నొక్కింది. కాగితం బయటికొచ్చింది. అతను చెయ్యి చాపి పెన్ను తీసుకుని, చూపించిన చోట సంతకం పెట్టాడు.

మూడో రోజు సాయంత్రం వరండాలాంటి ఆ పొడవాటి నడవలో స్టీవర్డు ఎదురైతే ఆపాడు. ఇంటి దగ్గరే మడత పెట్టి తెచ్చుకున్న నోటు తీసి, అతని ముఖంలోకి చూసి, అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

స్టీవర్డు థాంక్స్ చెప్పాడు. వంగి మరీ చెప్పాడు. కానీ ముప్పై ఎనిమిదేళ్ల కన్ను ఒక విషయం కనిపెట్టింది. ఆ చెయ్యి జేబులోకి పోలేదు. ఇంకెవరిదో వస్తువు దొరికితే పట్టుకున్నట్టు, నోటును కొద్దిగా దూరంగా పట్టుకుని వెళ్లాడతను. ముఖం వెలగలేదు.

నాలుగో రోజు ఉదయం, "తలగడలు సరిపోయాయా సార్? ఏసీ ఎక్కువైందా?" అని అడిగాడు. మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. సాయంత్రం ఇంకోసారి అడిగి, "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే నాకే చెప్పండి సార్," అన్నాడు. కళ్ల కింద నలుపు. భోజనాల హాల్లో వాళ్ల బల్లకు వడ్డించే పెద్దామె కూడా ఒకటికి రెండుసార్లు, "అంతా బాగానే ఉందా అండీ?" అని చేతులు నలుపుకుంది. సూపులో చెంచా పెట్టబోతూ అక్క ఆగింది.

"ఏం చేశావురా వీళ్లని?"

"నేనేం చేశాను?"

"పొద్దుట్నుంచి చూస్తున్నాను. నిన్ను చూస్తే ఇన్స్‌పెక్టర్ని చూసినట్టు బిగుసుకుపోతున్నారు. అంత మొనగాడివి కాదే నువ్వు!"

"టిప్పులు తీయించేశాను. చేత్తో ఇస్తానని."

అక్క చెంచా పక్కన పెట్టింది. గొంతు పెంచకుండా, "అది పోయాక కూడా దానితో పంతమేనట్రా?" అంది.



*

ఐదో రోజు ఉదయం స్టీవర్డు తోపుడుబండి మీద సబ్బులూ తువ్వాళ్లూ పేర్చుకుని పక్క గది ముందు నిలబడి ఉన్నాడు. సర్వరు వెళ్లి ఎదురుగా గోడకు ఆనుకున్నాడు.

"ఒక మాట అడుగుతాను. నన్ను ప్యాసింజరు అనుకోకుండా చెప్పాలి."

"చెప్పండి సార్."

"నేనూ ట్రే మోసినవాణ్ణే. ముప్పై ఎనిమిదేళ్లు. ఇదిగో, ఈ భుజం ఇప్పటికీ కిందకే ఉంటుంది. మొన్న నేనిచ్చింది నువ్వు జేబులో పెట్టుకోలేదు. ఎందుకని?"

స్టీవర్డు నడవకు అటూ ఇటూ చూశాడు. చేతిలో తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచాడు.

"బిల్లులో టిప్పు తీయించుకున్నవాళ్లు చేతికిచ్చినా అది మాది కాదు సార్. ఆఫీసులో ఇచ్చెయ్యాలి. అందరి దాంట్లో కలుపుతారు. ఉంచుకుంటే దొంగతనం కిందే లెక్క."

"అందరి దాంట్లో కలిపితే నీకొచ్చేదెంత? పైవాళ్లు మింగరూ?"

"లేదు సార్. ఇక్కడ నెలనెలా బోర్డు మీద పెడతారు, ఎవరికెంతో. మేమూ చూసుకుంటాం." కొద్దిగా నవ్వాడు. "చూసుకోకుండా ఉంటామా?"

స్టీవర్డు బండి మీది తువ్వాళ్ల దొంతర సర్దాడు.

"మీరు నాకిచ్చారు. నేను కనబడతాను కాబట్టి ఇచ్చారు. ఈ దుప్పటి ఉతికినవాడు కింద ఉన్నాడు. మీరు తిన్న ప్లేటు కడిగినవాడు వాడి కింద ఉన్నాడు. వాళ్లు మీకు కనబడరు కదా సార్, చేతిలో ఎలా పెడతారు?"

ఇంట్లో బల్ల దగ్గర చిన్నది అన్న మాటే. దాదాపు అవే పలుకులు. సర్వరు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ఇదొక్కటే అయితే నీ మొహం అలా ఉండదు. ఇంకా ఏదో ఉంది."

"వదిలెయ్యండి సార్."

"చెప్పు."

"మీరు తీయించినప్పుడు కారణం రాశారు కదా. గది సేవ సరిగా లేదని. అది మా మేనేజర్ దగ్గరికి పోయింది. ఎల్లుండి సాయంత్రంతో ఈ కాంట్రాక్టు అయిపోతుంది నాకు. కొత్తది ఇచ్చేటప్పుడు అదే ముందు చూస్తారు." ఆగాడు. "ఏం తప్పు చేశానా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను సార్. మూడో మంచం మీద బట్ట ముట్టుకున్నందుకేమో అనుకున్నాను. ముట్టుకోకుండా దుప్పటి మార్చడం కుదరలేదు."

సర్వరు తమ గది తలుపు వైపు చూశాడు.

"ఈ పని పోతే మళ్లీ వెతుక్కోవాలి. నాకు తెలిసింది ఇదొక్కటే," అని స్టీవర్డు పక్క గది తలుపు తట్టి, బండి లోపలికి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అక్క గదిలో ఏదో పత్రిక తిరగేస్తోంది. సర్వరు వచ్చి తన మంచం అంచున కూర్చున్నాడు. విన్నదంతా ఒక్క మాటా మింగకుండా చెప్పాడు. సేవ సరిగా లేదన్న మాట రెండుసార్లు చెప్పాడు. తన ఉద్యోగకాలంలో తన మీద ఎవరూ రాయని మాట అది.

"కళ్లజోడు పెట్టుకుని చావలేకపోయావా?" అంది అక్క.

"పెట్టుకోలేదక్కా."

"మరింక కూర్చున్నావేం?"

*

కౌంటరు ముందు పదిమంది వరుసలో ఉన్నారు. ముందున్న ఇద్దరు టిప్పులు తీయించడానికే వచ్చారు. "ఏడు రోజులకి ఇంతా? మనకి దుప్పట్లు మడవడం రాదా ఏం?" అంటున్నాడు ఒకాయన, అందరూ వినేలా. మూడు రోజుల కిందట ఇదే చోట తానూ నిలబడ్డాడు. అప్పుడు తనకూ ఆయనకూ ఎంతో తేడా ఉందనుకునేవాడు. ఆ కాగితం చదివేవాళ్లకు మాత్రం ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

అతని వంతు వచ్చింది. అదే అమ్మాయి.

"మళ్లీ పెట్టమంటారా? మొదటి రోజు నుంచి పడుతుంది సార్."

"పడనీ."

"అయిపోయింది సార్."

"నువ్వు నొక్కిన ఆ కారణం కూడా తీసెయ్యమ్మా."

"అది నా చేతిలో లేదు సార్. వెళ్లిపోయింది. మీరే నొక్కమన్నారు కదా." ఆ అమ్మాయి గొంతులోనూ భయం ఉంది. ఇక్కడ అందరి మీదా ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారని అతనికి తోచింది.

"నీ తప్పేం లేదు. ఎవరి దగ్గరికి పోయిందో వాళ్ల దగ్గరికి నన్ను పంపించు."

అరగంట తర్వాత ఒకతను వచ్చి, 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉన్న తలుపు తెరిచి, అతన్ని కిందికి తీసుకెళ్లాడు. తలుపు దాటగానే తివాచీ ఆగిపోయింది. తెల్లరంగు వేసిన ఇనుప నేల, తల తగిలే ఎత్తులో గొట్టాలు, సబ్బూ ఆవిరీ కలిసిన వాసన. ఒక గది తలుపు తీసి ఉంది. లోపల నలుగురు మనుషులు తడిదుప్పట్లను జంటలుగా పట్టుకుని వేడి రోలరులోకి పంపుతున్నారు. అవతలి పక్క ఇద్దరు వాటిని అందుకుని, మడిచి, పేరుస్తున్నారు. బనీన్లు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. సర్వరు ఒక్క క్షణం ఆగాడు. వెంట వచ్చినతను దగ్గితే కదిలాడు.

గదుల మేనేజరు నడివయసు మనిషి, తల వెనక్కి బిగించి దువ్వుకున్న ఆవిడ. బల్లకు ఇవతల స్టీవర్డు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే పిలిపించినట్టున్నారు. సర్వరు లోపలికి రాగానే ఆవిడ లేచి కుర్చీ చూపించింది.

"కూర్చోండి."

"పర్లేదండి." అతను వెళ్లి స్టీవర్డు పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకేలా నిలబడ్డారు, మడమలు దగ్గరగా, బరువు కుడికాలు మీద. ఆవిడ ఆ ఇద్దరినీ చూసింది.

"ఫిర్యాదు మీదే కదా?"

"సంతకం నాదే. మాట నాది కాదు. చదవకుండా పెట్టాను."

"వెనక్కి తీసుకుంటే కారణం రాయాల్సుంటుంది. మాటతో కుదరదు. మా వాళ్లు మీ వెంటపడి రాయించారని రేపు ఇంకొకరు అనకూడదు."

"రాస్తాను."

ఆవిడ కాగితం ఇచ్చింది. అతను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, బల్ల మీదికి వంగాడు. ఎప్పుడూ ఇతరుల ఆర్డర్లు తప్ప ఇంకేమీ రాసిన చెయ్యి కాదది. చాలాసేపు పట్టింది. రాసి, ఆవిడకు ఇచ్చాడు. ఆవిడ పైకి చదివింది.

"నేను హోటల్లో ముప్పై ఎనిమిదేళ్లు వడ్డించాను. మంచి పని ఏదో, కానిది ఏదో నాకు తెలుసు. ఈయన పనిలో లోపం లేదు. మా గదిలో ఒక వస్తువును ఈయన ముట్టుకున్న తీరు నా సొంతవాళ్లకు కూడా చేతకాదు. చేత్తో ఇచ్చేదే అసలైన టిప్పు అనుకుని బిల్లులోది తీయించాను. అది ఎంతమందికి పోతుందో నా చెల్లెలు నాకు ముందే చెప్పింది. నేను వినలేదు. తప్పు దానిది కాదు, నాది."

ఆవిడ కాగితం కింద పెట్టింది. "చెల్లెలు ఎవరు? జాబితాలో ఉన్న మూడో పేరా?"

"అవునండి."

"ఆవిడ ఓడ ఎక్కలేదు కదా?"

"ఎక్కలేదు. ప్రయాణానికి ముందే పోయింది."

స్టీవర్డు తల కొద్దిగా తిప్పి, మళ్లీ ఎదురుగా చూశాడు.

"ఇది ఆఫీసు కాగితం," అంది ఆవిడ కాస్త మెత్తగా. "చెల్లెలి మాట ఇందులో అవసరం లేదు. ఆ వాక్యాలు తీసేసి మళ్లీ రాయండి. వేరే కాగితం ఇస్తాను."

"అవి ఉండాలండి."

"మా పనికి అవి—"

"మీ పనికి అక్కర్లేదు. నాకు కావాలి. ఇది చెప్పడానికి ఇంకెక్కడా చోటు లేదు."

ఆవిడ కాగితం కింద సంతకం చేసి, తేదీ వేసి, ఫైల్లో ఉన్న పాత కాగితం తీసి దాని మీద అడ్డంగా గీత గీసింది. రెండూ కలిపి పిన్ను కొట్టింది. "మచ్చ ఉండదు. కొత్త కాంట్రాక్టు ఇచ్చేది నేను కాదు, పైవాళ్లు. కానీ ఇది అతని ఫైలుతోపాటే పోతుంది," అంది. స్టీవర్డు వైపు తిరిగి, "నువ్వు వెళ్లి పని చూసుకో," అంది.

బయటికి వచ్చాక ఇనుప మెట్ల దగ్గర ఇద్దరే మిగిలారు.

"నన్ను క్షమించు," అన్నాడు సర్వరు.

స్టీవర్డు వెంటనే పర్లేదు సార్ అనలేదు. అలా అనకపోవడం సర్వరుకు నచ్చింది.

"చాలామంది మాకు మంచి చేద్దామనే అనుకుంటారు సార్," అన్నాడు చివరికి. "ముందు ఒక్కసారి మమ్మల్ని అడిగితే బాగుంటుంది."

"అవును."

"మీ చెల్లెలుగారిది ఏం పని?"

"బస్సు టికెట్లు ఇచ్చేది. అద్దం వెనక."

"కూర్చునే పనేగాని, నడుం పోతుందండి అది," అన్నాడు స్టీవర్డు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ వెళ్లిపోయాడు.

సాయంత్రం పై అంతస్తులో అక్క రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. చిన్నదాని స్వెట్టరు తనే వేసుకుంది. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. నీళ్లు నల్లబడుతున్నాయి. అతను వచ్చి పక్కన నిలబడి, జరిగింది చెప్పాడు.

"అది చెప్పిందే నిజమక్కా. నేను అలా అనకుండా ఉండాల్సింది."

"ఎలా?"

"ప్లేటు మోశావా అని."

అక్క ఫర్లేదులే అని గానీ, దానికి తెలుసులే అని గానీ అనలేదు. ఆమె ఎప్పుడూ లేనిది కల్పించి చెప్పే మనిషి కాదు.

"ఆ మాటకి అది వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది," అంది. "నీకు చెప్పొద్దంది. ఇన్నాళ్లూ చెప్పలేదు."

అతను తల ఊపాడు. రెయిలింగు మీద నీటి తుంపర పడి చల్లగా ఉంది. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డారు.

*

ఏడో రోజు ఉదయం ఓడ రేవులో ఆగింది. తొమ్మిదింటికల్లా గదులు ఖాళీ చేయాలి. పన్నెండుకు కొత్తవాళ్లు ఎక్కుతారు. నడవ పొడుగునా విప్పేసిన దుప్పట్ల కుప్పలు, తోపుడుబళ్లు, తెరిచిన తలుపులు. స్టీవర్డు అవతలి గదిలో ఉన్నాడు. తలగడను గడ్డం కింద నొక్కి పట్టుకుని గలీబు లాగుతున్నాడు. చొక్కా వీపు మీద తడిసింది. బండి మీద కొత్త జాబితా ఉంది, పేర్ల మీద పేర్లు.

సర్వరు రెండు పెట్టెలూ పట్టుకుని ఆ తలుపు ముందు ఆగాడు. నిన్నటి నుంచి ఒక మాట అనుకుని పెట్టుకున్నాడు. కాంట్రాక్టు సంగతి తేలిందా అని కూడా అడగాలనుంది. స్టీవర్డు చూశాడు. గడ్డం కింద తలగడ ఉంది కాబట్టి తల ఆడించడానికి వీల్లేక, కళ్లతోనే పలకరించాడు. చేతులు ఆగలేదు. గలీబు వేసి, తలగడ పడేసి, ఇంకోటి అందుకున్నాడు.

హోటలు మూసే వేళకు బల్లలన్నీ ఎత్తేశాక, ఒక్క బల్ల దగ్గర మాత్రం మంచివాళ్లెవరో కూర్చుని, నువ్వెంత బాగా చూసుకున్నావయ్యా అంటూ కబుర్లు చెబుతుండేవారు. వాళ్లకు నవ్వుతూ జవాబులు చెబుతూ, దేవుడా వీళ్లు లేస్తే చాలని నిలబడ్డ రోజులు సర్వరుకు ఎన్నో ఉన్నాయి.

"చెప్పి వద్దామా?" అంది అక్క వెనక నుంచి.

"వద్దక్కా. అతనికి ఇంకా పదకొండు గదులున్నాయి," అని సర్వరు పెట్టెలు గోడవైపుకు జరుపుకుని, బండికి దారి వదులుతూ ముందుకు నడిచాడు.